హైదరాబాద్‌లో కారు హీటర్ ఎందుకని అడిగినవాళ్లకు

ఒకే ప్రశ్నకు ఎంతమందికని జవాబు చెప్పను? ఇది రాసిపెట్టడానికి అదే ముఖ్య కారణం. కారులోంచి ఏసీ పీకించి, హీటర్ పెట్టెను నా చేతులతో మళ్లీ కట్టుకున్నానని తెలిసిన ప్రతి మనిషీ మొదట నవ్వుతాడు. ఆ నవ్వు ఇంకా మూతి మీద ఉండగానే "హైదరాబాద్‌లో హీటరెందుకన్నా?" అంటాడు. వాళ్లకు ఈ ఊరంటే ఎండాకాలం ఒక్కటే. వానాకాలం కూడా ఉందని తెలియాలంటే ఆ వానలో ఏదో ఒక పని మీద బయటికి వెళ్లాలి కదా.

ఇంకో కారణం మా కాలనీకి దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయం. అక్కడ మోటారు బండ్ల మీద తెలుగులో ఉన్నది ఒకే పుస్తకం. అందులో హీటర్‌కు దక్కింది అర పేజీ కూడా కాదు. మనలాంటి వేడి దేశంలో దాని అవసరం ఉండదని తేల్చేసి ఆ రచయిత ముందుకు సాగిపోయాడు. హారన్ గురించి మాత్రం బొమ్మలతో సహా పేజీలకు పేజీలు రాశాడు. దేశం సంగతి ఆయనకు ఆ మాత్రం తెలుసు. అయినా ఆ అర పేజీ లోటు ఎవరో ఒకరు పూడ్చాలి.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయం బల్ల మీద, ఒకే పేపరు కోసం కొట్లాడుకునే పింఛనుదారుల మధ్య కూర్చుని చదివిందే. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రం పరీక్ష రాయకుండా చదివాను. పరీక్ష రాసినవాళ్లు మర్చిపోయారు, నాకు గుర్తుంది. ఈ విషయం చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.

నేనూ నా భార్యా ఇడ్లీలు అమ్ముతాం. ప్రగతి నగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇంట్లో తెల్లవారకముందే వండి, పాత చిన్న కారులో వెనక సీటు తీసేసిన చోట పెట్టుకుని, హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం గేటుకు ఎదురుగా కారు వెనక తలుపు పైకెత్తి అమ్ముతాం. ఆ ఫుట్‌పాత్ పక్క జాగాకు కాగితం లేదు, హద్దురాయి లేదు. రోజూ పొద్దున అక్కడ నిలబడ్డవాడిదే జాగా. అక్కడ అమ్ముకునే అందరం ఒప్పుకున్న పద్ధతి ఇది. జ్వరమొచ్చిందనో పెళ్లికి పోయాడనో ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటారు. అంతకు మించి కనిపించకపోతే వేరేవాళ్లు వచ్చి నిలబడతారు, అడగడానికి నోరుండదు. మా జాగా గేటుకు సూటిగా ఉంటుంది. మలుపులో, మురుగు మోరీ పక్కన, దోసెల వ్యాను పెట్టుకునే గోదావరి జిల్లావాడొకాయన ఉన్నాడు. ఆయన దోసె తిప్పుతున్నప్పుడు కూడా కళ్లు మా జాగా మీదే ఉంటాయి.

ఇక ఏసీ సంగతి. కారుతో పాటు వచ్చింది కాబట్టి అది మాకుండేది. వేస్తే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజను ఆయాసపడేది. సాంబారు క్యానూ ఇడ్లీ డబ్బాలూ మేమిద్దరం, ఆ పైన ఏసీ. మోయలేకపోయేది. ఒక ఎండాకాలం కంప్రెషర్ బిగుసుకుపోయి, బెల్టు కాలిన వాసన కారంతా నిండింది.

"పీకి పారేపియ్యయ్యా," అంది నా భార్య. "మనం అమ్మేది ఇడ్లీలు, ఐస్‌క్రీములు గాదు."

మా వీధి చివరి మెకానిక్ ఒక పూటలో పీకేశాడు. పీకడం వాళ్లకు బాగా వచ్చు. పెట్టడం దగ్గరే వాళ్ల విద్య అయిపోతుంది.

ఎండ ఉన్నన్నాళ్లు ఏమీ తెలియలేదు. మొదటి ముసురు పట్టిన రోజు తెలిసింది. ఇడ్లీ డబ్బాల మూతలు బిగించకూడదు. బిగిస్తే ఇడ్లీకి చెమటపట్టి జిగటగా అవుతుంది, అలాంటిది తిన్నవాడు రెండోసారి రాడు. కాబట్టి మూత ఓరగా పెట్టి గుడ్డ కప్పుతాం. ఆవిరి వస్తూనే ఉంటుంది. వాన పడుతుంటే కిటికీలు దించలేం, జల్లు వంట మీద పడుతుంది. ఆ ఆవిరంతా ఎక్కడికి పోవాలి? ముందద్దం మీదికి పోయింది. పాలు పోసినట్టు తెల్లగా పట్టేసింది. నా భార్య ఒక చేత్తో సాంబారు క్యాను పట్టుకుని, ఇంకో చేత్తో అద్దం తుడుస్తుంటే, తుడిచిన చోటే మళ్లీ పట్టేది. ఒక సిటీ బస్సు వెనక భాగం అద్దంలోంచి కాక, దాని బ్రేకు చప్పుడులోంచి మాకు తెలిసింది. బండి పక్కకు తీసి ఒక ఫ్లైఓవర్ కింద ఆగాం. వాన తగ్గి మేం చేరేసరికి మా జాగాలో దోసెల వ్యాను ఉంది.

"రారనుకున్నానండి," అన్నాడు ఆయన, పెనం మీద నీళ్లు చల్లుతూ. "వాన కదండి. జాగా ఖాళీగా ఉంటే ఏం బాగుంటుందని పెట్టానండి."

"వచ్చినం గద. ఇగ జర పక్కకు తియ్యి," అంది నా భార్య.

"తీస్తానమ్మా, ఎందుకు తియ్యనూ? ఇయ్యాళ తీస్తాను. మీరు కూడా రోజూ వస్తుండాలి మరి."

ఎంత మర్యాద! ఆ అండీలూ అమ్మాలూ తీసేస్తే అందులో మిగిలేది ఒక్క మాటే, మళ్లీ వాన పడనీ అని. వానాకాలం అప్పుడే మొదలైంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

"అద్దం మీద ఆవిరి పడుతున్నది. హీటర్ వేస్తే గాలి అద్దానికి వస్తలేదు."

"హీటరా?" స్పానర్ కింద పెట్టి మరీ నవ్వాడు. "హైదరాబాద్‌ల హీటర్ ఎవ్వడు వాడ్తడే? కాశ్మీర్ పోతున్నవా ఏంది ఇడ్లీలు అమ్మనీకి?"

"అద్దం ఆరాలె గదా."

"ఫికర్ జేయకు. ఏసీ మళ్ల పెట్టిద్దాం. ఏసీ ఏస్తే ఆవిరి ఉండదు."

"నువ్వే పీకినవ్ గదనే."

"అవ్. నువ్వే పీకమన్నవ్."

ఇంతటి తర్కం గ్రంథాలయంలో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

డాష్‌బోర్డ్ కింద తల దూర్చి చూశాను. మా కారులో ఆ సరంజామా వరసగా ఉంటుంది. ఒక చివర గాలి కొట్టే ఫ్యాను, మధ్యలో ఏసీ చల్లబరిచే పెట్టె, ఆ తర్వాత ఇంజనులోని వేడినీళ్లు తిరిగే హీటర్ పెట్టె. అక్కడినుంచి గాలి అద్దానికి పోతుంది. మన మహానుభావుడు మధ్య పెట్టెను పీకేసి ఆ ఖాళీని ఖాళీగానే వదిలేశాడు. ఫ్యాను కొట్టిన గాలి హీటర్ దాకా పోకుండా నా భార్య మోకాళ్ల మీద పడుతోంది. ఏసీ గొట్టాలు పోయే చిల్లు కూడా తెరిచే ఉంది. అందులోంచి ఇంజను వేడీ పొగా లోపలికి వస్తున్నాయి. ఫ్యాను ఒక గదిలో, హీటర్ ఇంకో గదిలో, మధ్యలో దారి లేని ఇంట్లా ఉంది వ్యవహారం.

ఈలోగా సలహాలు. మా బావమరిది ఆఫీసు క్యాబ్ నడుపుతాడు కాబట్టి ప్రపంచంలోని అన్ని బండ్ల గురించీ తనకు తెలుసనుకుంటాడు.

"బావా, తంబాకు రుద్దు అద్దానికి. ఒక్క పొట్లం చాలు. నేను గట్లనే జేస్త."

"నువ్వు బయట రుద్దుతవ్, వాన నీళ్లు జారనీకి. మాకు ఆవిరి లోపల."

"లోపల గూడ రుద్దు. ఏమైతది?"

"ఏమైతదా?" వంటింట్లోంచి ఆయన చెల్లెలు, అంటే నా భార్య, కేక వేసింది. "నా ఇడ్లీలకు జర్దా వాసన పడ్తే, ఆ డబ్బా మొత్తం నీతోనే తినిపిస్త అన్నా!"

ఆయన వెంటనే ఆలుగడ్డకు మారాడు. ఆలుగడ్డ ముక్క రుద్దమన్నాడు. అది కూడా రుద్ది చూశాం. ఆవిరికి గంజి తోడైంది.

మా దగ్గర రోజూ తినే సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఒకడున్నాడు. కడప వైపువాడు, మంచివాడే. కానీ జవాబు తన ఫోనులో లేని ప్రశ్నంటూ ఉండదని అతని నమ్మకం.

"అన్నా, నువ్వు ఒక ఎలక్ట్రిక్ కారు తీసుకోన్నా. ఫోన్లోంచే అద్దం క్లియర్ చేసుకోవచ్చు. సింపుల్. కొంచెం చట్నీ ఎయ్యక్కా."

నా భార్య చట్నీ వేసింది. మే నెలలో కూడా ఆ భవనంలోపల ఎంత చలి అంటే, వీళ్లు స్వెటర్లు వేసుకుని కిందికి దిగి ఎండలో వణుకు తీర్చుకుంటారు. అలాంటి స్వెటర్‌తోనే నా ముందు నిలబడి, హైదరాబాద్‌లో హీటరెందుకని అడిగినవాడు కూడా ఇతనే.

నేను గ్రంథాలయానికే వెళ్లాను. మోటారు పుస్తకం వదిలేసి భౌతికశాస్త్రం తీశాను. వేడిగాలి చల్లగాలికన్నా ఎక్కువ తేమను మోస్తుంది. చల్లని వస్తువు తగిలితే ఆ బరువు మోయలేక అక్కడే దించేస్తుంది. అద్దం చల్లన, మా ఆవిరి వేడి. అంతే కథ. అద్దాన్ని వెచ్చబెట్టే పొడిగాలి దాని మీద తగలాలి. అందుకు ఆ మధ్య ఖాళీలో ఫ్యాను నుంచి హీటర్‌కు ఒక గొట్టం కావాలి.

మొదటి గొట్టం అట్టపెట్టెతో చేశాను. హైటెక్ సిటీలో పార్సెల్ అట్టపెట్టెలకు కొదవ లేదు. కోసి, మడిచి, గోధుమరంగు టేపు వేసి లోపల బిగించాను. ఇంటి ముందు అద్భుతంగా పనిచేసింది. మర్నాడు మియాపూర్ దాటకముందే వేడికి టేపు జిగురు వదిలేసి, మొత్తం ఊడి నా భార్య పాదాల మీద పడింది.

"పార్సెల్ వచ్చిందయ్యో," అంది ఆమె, కిందికి చూసి. "సంతకం పెట్టాల్నా?"

రెండో గొట్టానికి పాత పేపరుతో కొలత కత్తిరించుకుని బాలానగర్ పోయాను. కూలర్ల బాడీలు చేసే రేకుల షాపు. ఆయన నా పేపరును ఎటు తిప్పి చూసినా అర్థం కాలేదు.

"ఏందిది? కోళ్ల గూడా?"

"కారు హీటర్‌కు."

"హైదరాబాద్‌ల హీటరెందుకు?"

నేను నోరు తెరవకముందే "సరేలే, నాకేంది" అని రేకు మడవడం మొదలుపెట్టాడు. ఊరు మొత్తంలో ఆ ప్రశ్నకు జవాబు ఆశించనివాడు ఆయనొక్కడే. ఆ ఒక్క కారణానికే ఆయనంటే నాకు గౌరవం. పని మాత్రం రెండుసార్లు చేయించాల్సి వచ్చింది. మొదటిసారి కుడిని ఎడమగా మడిచాడు.

రేకు గొట్టం అంచులకు స్పాంజి పట్టీ అంటించి బిగించాను. ఏసీ గొట్టాల చిల్లును పాత ట్యూబు రబ్బరుతో మూశాను. ఫ్యాను తిప్పితే వేడిగాలి నేరుగా అద్దానికి కొట్టింది. చేయి పెట్టి చూస్తే పొయ్యి దగ్గర పెట్టినట్టే ఉంది. ఆ రోజంతా నా తల కొంచెం పైకే ఉంది, దాచను.

ఇక్కడే అసలు తప్పు బయటపడింది. ఇడ్లీలమ్మేవాళ్లు మాత్రమే చేయగల తప్పు అది.

ఆ ముసురులో అప్పటికే మాకు జాగా దగ్గర గైరుహాజరు పడింది. రేకు పని పూర్తికాక, అంతకు ముందు రెండు రోజులూ వెళ్లలేదు. వాళ్లు ఓర్చుకునే గడువు అయిపోయింది. ఈ పొద్దున వెళ్లకపోతే జాగా దోసెలాయనదే. వాన దంచుతోంది. బయల్దేరి, హీటర్ పూర్తిగా తిప్పాను. అద్దం ముందుకంటే తొందరగా తెల్లబడింది.

"ఇదేంది, ఎక్కువైంది!" అంది నా భార్య, గుడ్డ తీసుకుంటూ. "గింత చదివి ఆవిరి పొయ్యి కట్టినవా?"

ఏమీ కనిపించక మళ్లీ అదే ఫ్లైఓవర్ కింద ఆగాం. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆమె గాలి వచ్చే సందు దగ్గర ముక్కు పెట్టింది.

"సాంబార్ వాసనొస్తున్నది."

"కారంతా సాంబారే."

"గాదయ్యా, ఈ గాలికే వస్తున్నది. లోపలికెల్లి."

అప్పుడు వెలిగింది. ఫ్యానుకు బయటి గాలి అందించే చిన్న తలుపొకటి ఉంటుంది. ఎండాకాలంలో, దారి పొడుగునా కడుతున్న టవర్ల సిమెంటు దుమ్ము ఆ తలుపులోంచి వచ్చి చట్నీలో పడుతోందని, మేమిద్దరం ఆలోచించి మరీ దాన్ని గోడలకు పూసే లప్పం పెట్టి మూసేశాం. చట్నీ శుభ్రంగా ఉంది. కానీ ఫ్యాను ఇప్పుడు మా ఇడ్లీల ఆవిరినే పీల్చి, వేడి చేసి, మళ్లీ ముందద్దం మీద చల్లుతోంది. నా గొట్టం ఎంత బాగా పనిచేస్తే అద్దం అంత బాగా తెల్లబడుతోంది. పొడిగాలి కావాలని పుస్తకంలో చదివాను, నేనే చెప్పాను, మా గాలి పొడిగా లేదన్న సంగతి మాత్రం సాంబారు వాసన చెప్పింది.

"లప్పం తీయాలె. ఉలి లేదు."

ఆమె వెనక్కి వంగి, ఇడ్లీలు తీయడానికి తెచ్చుకునే అట్లకాడ ఇచ్చింది. "వంకర పోనియ్యకు. ఇంట్ల దిబ్బరొట్టె తిప్పేది గూడ అదే."

కాళ్లు పైకి, తల కిందికి, డాష్‌బోర్డ్ కింద పడుకుని అట్లకాడతో లప్పం గీకాను. పెచ్చులు కళ్లల్లో పడ్డాయి. చివరికి తలుపు టక్కున తెరుచుకుంది. తడి రోడ్డు వాసన, డీజిల్ వాసన, మోరీ వాసన, మూడూ కలిసి లోపలికి వచ్చాయి. మోరీ వాసనకు అంత సంతోషించినవాళ్లం ఈ ఊళ్లో మేమిద్దరమే అయ్యుంటాం. వాన గాలే అయినా మా ఆవిరికున్నంత తేమ దానికి లేదు, హీటర్ మీదుగా వస్తే పొడిబారుతుంది. అద్దం కింది అంచున ముందు ఒక గీత తేటపడింది. అది పైకి పైకి పాకింది. స్తంభాలు కనిపించాయి, లైన్లు కనిపించాయి, దూరంగా టవర్లు కూడా కనిపించాయి.

"అట్లకాడ?" అంది ఆమె.

కొంచెం వంగింది. ఇచ్చేశాను.

దారి ఖాళీగా ఉండటం నాకు అప్పుడే వింతగా అనిపించింది. ఎప్పుడూ కార్లు నత్తల్లా పాకే రోడ్డు మీద నీళ్లు తప్ప ఏమీ లేవు. గేటు ఎదురుగా మా జాగా ఖాళీగా ఉంది. కారు పెట్టి వెనక తలుపు ఎత్తాం. గొడుగు పట్టుకుని సెక్యూరిటీ పెద్దాయన వచ్చాడు. మెదక్ దిక్కు మనిషి, మాకు పొద్దున్నే మొదటి బేరం ఆయనదే.

"మీరెందుకొచ్చిన్రు? ఇయ్యాల ఎవ్వలు రారు. వానని అందరికీ ఇంటికాడనే పని అని మెసేజ్ వచ్చింది."

మా డబ్బాల నిండా ఇడ్లీలు. సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఆ సమయానికి తన గదిలో, ఆరిన బట్టల్లో, అద్దం గొడవ లేకుండా కూర్చుని ఉంటాడు. ఫోన్లోంచే క్లియర్ చేసుకుంటాడన్నమాట, నిజమే.

అప్పుడు మలుపు తిరిగి దోసెల వ్యాను వచ్చింది. దాని అద్దం తెల్లగా గడ్డకట్టిన పాలలా ఉంది. ఆయన పక్క కిటికీలోంచి మెడ దాకా బయట పెట్టి, వానలో తడుస్తూ నడుపుతున్నాడు. పెనం వేడెక్కించుకుంటూ వచ్చినట్టున్నాడు. మమ్మల్ని చూసి బ్రేకు వేశాడు.

"వచ్చేశారాండి?" అన్నాడు, మీసాల మీదుగా నీళ్లు కారుతుంటే.

"రోజూ వస్తం గదండీ," అంది నా భార్య. అండీ అనడం ఆమెకు అలవాటు లేదు. ఆ రోజు ఆయన కోసం ప్రత్యేకంగా అంది.

ఆయన మా అద్దం వైపు చాలాసేపు చూశాడు. అది ఎలా తేటపడిందో అడగలేదు. అడిగుంటే నేను చెప్పేవాణ్ణే, అడగని వాడికి చెప్పను. తల లోపలికి లాక్కుని మోరీ పక్కకు పోయాడు.

ఇడ్లీలు మిగల్లేదు. ఇంటి నుంచి పని చేయలేనివాళ్లు ఆ భవనంలో చాలామందే ఉన్నారు. గార్డులు వచ్చారు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు వచ్చారు, లిఫ్టు మనిషి వచ్చాడు. ఏ రోజూ తీరిగ్గా తినని వాళ్లు, ఆ రోజు కారు తలుపు కింద వాన తగలకుండా నిలబడి, మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నారు. ఎవరూ హీటరెందుకని అడగలేదు. అద్దం వైపు చూసిన హౌస్‌కీపింగ్ అక్క ఒకామె మాత్రం "మస్తు తుడిచిన్రు" అంది.

తర్వాత ఆ తలుపుకు లోపలి వైపు దోమల జాలీ కత్తిరించి బిగించాను. గాలి వస్తుంది, సిమెంటు రాదు. ఆ వానాకాలం మొత్తం మా జాగా మాదే, ఇప్పటికీ మాదే.

ఇలాంటివి రాసినవాళ్లు చివర అందరి పేర్లూ రాసి కృతజ్ఞత చెబుతారు. ఇక్కడ ఎవరి అసలు పేరూ రాయను, రోజూ పిలిచే పిలుపులే చాలు. నన్ను పేపరు బల్ల నుంచి లేవమని ఏనాడూ అననందుకు లైబ్రరీ సారుకు. ఖాళీని ఖాళీగా వదిలి నా చేత చదివించినందుకు మెకానిక్ అన్నకు. ఆలుగడ్డ బావమరిదికి, ఆ మాట మళ్లీ ఎత్తనందుకు. కోళ్ల గూడు కాదని తెలిసినా మడిచిపెట్టిన బాలానగర్ సేటుకు. ఎలక్ట్రిక్ కారు తమ్ముడికి, మర్నాడు ఎండ కాయగానే వచ్చి "నిన్న మిస్సయ్యానన్నా" అన్నందుకు. ఆ వానలో తిన్న గార్డు కాకకు, హౌస్‌కీపింగ్ అక్కలకు. నేను వానను మర్చిపోకుండా మోరీ పక్కనే కాచుకుని ఉన్న దోసెల సారుకు. అందరికన్నా ముందు రాయాల్సింది చివర రాస్తున్నాను: గాలిని వాసన చూసిన మా ఇంటామెకు. కొత్త అట్లకాడ కొనిచ్చాను. ఆమె వంగినదానితోనే తిప్పుతోంది, దానికి దిబ్బరొట్టె అంచు బాగా అందుతుందట.